కింది కాగితాలు

ఉదయగిరి,
2025 ఫిబ్రవరి 3

మస్తానక్కా,

నీ ఉత్తరం చేరి పదిరోజులైంది. ఆలస్యానికి కారణం నేను కాదు, కాగితం. పోయిన ఏడాది క్యాలెండరు షీట్లన్నీ మా వదిన ప్రమీలారాణి బీరువా అరల్లో పరిచేసింది. అడిగితే, "తారీఖులు నీకు ఫోనే చెప్తాది గదా, క్యాలెండరెందుకు నీకు" అన్నది. చివరికి ఎరువుల అంగడి నుంచి నాలుగు పాత క్యాలెండర్లు తెప్పించుకున్నాను. ఈ దళసరి కాగితం మీద చుక్క ఎంత బాగా నిలబడిందో వేలు పెట్టి చూడు.

ఫోన్ చేయొచ్చు కదా అని నువ్వు అనవని తెలుసు. ఫోన్లో మనం మాట్లాడుకునేది ఎండ, వాన, తిన్నావా, మందులేసుకున్నావా, అంతే. ఇక్కడ మా అన్న కుటుంబం, అక్కడ మీ తమ్ముడి కుటుంబం చెవులు రిక్కించుకొని ఉంటారు. ఈ రెండిళ్ళలో బ్రెయిలీ వచ్చింది మనిద్దరికే. ఉత్తరం నట్టింట్లో పడేసి పోయినా చదివే దిక్కు లేదు. కళ్ళున్నవాళ్ళకు లేని సుఖం ఇది. పైగా బ్రెయిలీ ఉత్తరానికి స్టాంపు కూడా అక్కర్లేదు.

ఇక నా గోల విను. మా ఆఫీసులో అందరూ కొత్త ఎడిటర్ మోజులో పడ్డారు. ఎడిటర్ అంటే పత్రికలో ఉండే మనిషి కాదు. మన రాతకు పలక ఎట్లాగో, ప్రోగ్రాం రాసేవాళ్ళకు ఎడిటర్ అట్లా. కంప్యూటర్లో రాసుకునే చోటు. ఇరవై ఏళ్ళుగా నేను వాడేది రంగూ రూపూ లేని పాతది. ఒక లైను రాస్తే ఒక లైను ఉంటుంది. కీబోర్డు ముందున్న బ్రెయిలీ పట్టీ మీద ఆ లైను చుక్కలై లేస్తుంది. వేలితో తడిమి చదువుతాను, సరిగ్గా ఉంటే కింది లైనుకు పోతాను.

ఈ కొత్తది మహా మాటకారి. నేను రెండు మాటలు కొట్టేలోపు మిగతా పది లైన్లు అదే రాసి చూపిస్తుంది. కళ్ళున్నవాళ్ళకు అవి లేత అక్షరాల్లో కనబడతాయట, నచ్చితే మీట నొక్కి ఒప్పుకుంటారట. నాకు మాత్రం కంప్యూటర్ గొంతు ఆ పది లైన్లూ చెవిలో ఊదరగొడుతుంది. పట్టీ మీద నా లైను పోయి దాని లైను వచ్చి కూచుంటుంది. నేను ఏం రాయబోయానో నాకే మరుపొస్తుంది. పైగా నెలకోసారి దాని రూపం మార్చేస్తారు. ఇంట్లో మంచం జరిపితే మోకాలిచిప్ప పగిలేది మనకే కదా.

గొంతుతోనే పని చేసుకోవచ్చు కదా అంటారు వాళ్ళు. అక్కా, వేలితో చదివితేనే చదివినట్టు. చెవితో వినడమంటే ఎవరో చదివిపెడితే వినడం. వేళ్ళున్నంత కాలం మనం ఎవరికీ తీసిపోము. ఈ మాట నాకు నేర్పింది నువ్వే.

పోయిన వారం ఏం జరిగిందో చెబుతాను. ఆసుపత్రుల్లో మందుల నిల్వ చూసే ప్రోగ్రాం మాది. గడువు దాటిన మందులను పక్కకు తీసే లైను ఒకటి ఆ కొత్త ఎడిటర్ రాసిపెట్టింది. ఒకరు ఒప్పుకున్నారు, ఇద్దరు చూసి బాగుందన్నారు. అందులో ఎక్కువా తక్కువా చెప్పే గుర్తు తిరగబడి ఉంది. గడువు దాటినవి ఉంచి, మంచివి తీసేస్తుంది. పట్టుకుంది నా చూపుడువేలు. మా టీమ్‌కు పెద్ద ఎడ్విన్ అని బెంగళూరులో ఉంటాడు, మంచివాడే. అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. మెచ్చుకొని మళ్ళీ ఆ ఎడిటర్‌లోకే పోయాడు.

చివరగా ఒకటి. మన వార్డెన్ ఆదిశేషమ్మ గారు ఎలా ఉన్నారు? ఆమె కలలోకి వచ్చింది. తప్పకుండా రాయి.

నీ
రేణుక


ఆత్మకూరు,
ఫిబ్రవరి 22

రేణుకకు,

ఎడిటర్ మీద నీ కోపం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నువ్వు మారలేదు. హాస్టల్లో భోజనాల బల్లలు అటువి ఇటు మార్చారని రెండు పూటలు అన్నం మానేసిన పిల్లవు. అప్పుడు నీకు ఆరేళ్ళు, నేను పదో తరగతి. నిన్ను బతిమాలి తినిపించే పని ఆదిశేషమ్మ గారు నా నెత్తిన వేశారు.

నీకు అక్షరాలు ఎలా వచ్చాయో గుర్తుందా? కాగితం మీద చుక్కలు ఇస్తే విసిరికొట్టేదానివి. అప్పుడు వామనగుంటల పీట తెచ్చి, అక్షరానికి ఉండే ఆరు చుక్కల్లాగా ఇటు మూడు అటు మూడు గుంటలు లెక్కపెట్టి, వాటిలో చింతగింజలు వేసి నీ వేలు పట్టి పెట్టాను. మొదటి గుంటలో ఒక్క గింజ ఉంటే 'అ' అని చెప్పాను. సాయంత్రానికి నీ పేరు నువ్వే పేర్చుకొని, ఎవరినీ ఆ పీట ముట్టుకోనివ్వలేదు.

ఇక్కడ అంతా మామూలే. బడిలో నా దగ్గర ఐదుగురు పిల్లలున్నారు. అనంతసాగరం వైపు నుంచి అశ్విత అని ఎనిమిదేళ్ళ పిల్ల వాళ్ళ అవ్వతో షేర్ ఆటోలో వస్తుంది. బలే చురుకు. నీలాగే మొండిది.

నా చుక్కలు ఈమధ్య కుదురుగా పడడం లేదు, ఏమీ అనుకోకు. చుక్కలు పొడిచే స్టైలస్ చేతిలో నుంచి జారిపోతూ ఉంది. పాతదైపోయింది, పిడి సన్నం.

ఒక సంగతి. నీ కట్ట మీద పోస్టాఫీసువాళ్ళు ముద్ర గట్టిగా కొట్టినట్టున్నారు. కింది కాగితాల్లో చుక్కలు అణిగిపోయాయి. అక్కడ ఏం రాశావో సరిగా తెలియలేదు. ఏమీ అనుకోకు.

నీ ఎడిటర్‌తో మరీ పోట్లాట పెట్టుకోవద్దు.

నీ అక్క
మస్తానమ్మ


ఉదయగిరి,
మార్చి 14

అక్కా,

ఈ ఉత్తరంతోపాటు చిన్న పొట్లం ఉంటుంది, జాగ్రత్తగా విప్పు. నీ కోసం కొత్త స్టైలస్. ఇక్కడ చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళ దగ్గరకు నేనే పోయి, పిడి లావుగా, నాలుగు వేళ్ళకూ నొక్కులు పెట్టి చేయించాను. అతను నా చెయ్యి కొలత తీసుకోబోతే, నాకు కాదు, నాకంటే పెద్ద చెయ్యి అని చెప్పాను. దువ్వెన చేసినంత శ్రద్ధగా చేశాడు. ఇక నువ్వు కాగితాన్ని జల్లెడ చేయాల్సిన పని లేదు. పోయిన ఉత్తరంలో సగం చుక్కలు చిల్లులే. ఎవరి మీద కోపం?

ముద్ర సంగతి చదివి నాకు ఒళ్ళు మండింది. మా పోస్టుమాన్ సిద్ధయ్యను వాకిట్లోనే నిలబెట్టి కడిగేశాను. "ఈడ కొట్టే ముద్ర అంత గట్టిగా పడదమ్మా, యాడన్నా దార్లో కొట్టుంటారు" అని నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు రెండు అట్టముక్కలు తెచ్చి ఇచ్చాడు. ఇకమీద నీకు పోయే కట్ట ఆ అట్టల మధ్య పెట్టి ఇస్తే తానే పట్టుకుపోతాడట. కాబట్టి ఈసారి చుక్కలు అణిగాయనడానికి నీకు వీల్లేదు.

ఎడిటర్ కథ ముదిరింది. ఇకమీద అందరూ కొత్తదే వాడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అందరూ ఒకే దాంట్లో రాస్తేనే ఒకరి పని ఒకరికి కనబడుతుందట. ఒకరోజు ప్రయత్నించాను. అబద్ధం చెప్పను, సాయంత్రానికి ఏడుపొచ్చింది. నేను తప్పు రాస్తే కింద ఎర్రగీత గీస్తుందట. ఎర్రగీత నాకెందుకు? నా పని అరగంటది ఐదు గంటలు పట్టింది. ఎడ్విన్ ఫోన్ చేసి, అలవాటైపోతుంది, చాలామంది చూపులేనివాళ్ళు వాడుతున్నారు, గొంతుతో సర్దుకుపోతున్నారు అన్నాడు. వాళ్ళు సర్దుకుపోయారేమో. మన ఈడువాళ్ళు చాలామంది ఫోన్ చదివిపెడుతోంది కదా అని బ్రెయిలీ వదిలేశారు. రాయడమే మరిచిపోయారు. నాకు వాళ్ళను చూస్తే జాలి కాదక్కా, కోపం. చేతిలో ఉన్న చదువును చేతులారా పారేసుకున్నారు.

నువ్వు నవ్వుతావు కానీ నా ఉత్తరం కూడా నా ప్రోగ్రాం లాంటిదే. పైనంతా ఏర్పాట్లు, అసలు పని చేసే లైను అడుగున. ఇప్పుడు అడుగుకు వచ్చాను. సెలవుల్లో రా. మే మొదటి ఆదివారం రా. ఆత్మకూరులో బస్సెక్కితే ఇక్కడ స్టాండులో నేనుంటాను. వారం రోజులుండు. పీట కూడా పట్టుకురా, ఆడుకుందాం. ఆదిశేషమ్మ గారి సంగతి కూడా నువ్వు రాయలేదు, వచ్చినప్పుడు చెప్పు. వీలుకాకపోతేనే జవాబు రాయి, లేకపోతే వస్తున్నట్టే.

నీ
రేణుక


ఆత్మకూరు,
ఏప్రిల్ 9

రేణుకకు,

స్టైలస్ అందింది. ఈ ఉత్తరం దానితోనే. పిడి నా చేతికి అచ్చంగా సరిపోయింది. నా చెయ్యి నీకింకా గుర్తుందని పొంగిపోయాను. పాపం సిద్ధయ్యను ఏమీ అనకు.

నువ్వు ఫోన్‌తో చదివించుకునేవాళ్ళ మీద కోపం అన్నావు. ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. అందరూ బద్ధకంతో వదిలేశారని నువ్వెలా అనుకున్నావు? వేలు పనిచేయనివాళ్ళు ఉంటారు. మిషన్లో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళు చదువు లేనివాళ్ళయిపోతారా? నేను వాదన కోసం అడుగుతున్నాను, అంతే.

ఎడ్విన్ చెప్పే మాట కాస్త విను. ఒకరోజుకే వచ్చేదయితే నేను నీకు ఆ పీట మీద చింతగింజలు పేర్చేదాన్నే కాదు.

ఎండలు అప్పుడే మొదలయ్యాయి. నాకు కాళ్ళు మంటలు. షుగర్‌కు మందు మార్చారు. వేసవిలో ఎక్కడికీ కదలను, ఇంటిపట్టునే ఉంటాను.

నీ అక్క
మస్తానమ్మ


ఉదయగిరి,
జూన్ 17

అక్కా,

మే మొదటి ఆదివారం ఉదయం నుంచి మూడు బస్సులు చూశాను. కండక్టర్‌ను అడిగాను, దిగినవాళ్ళ అడుగులు విన్నాను. వేసవిలో కదలనని నువ్వు రాసింది చదివాను కానీ, అది ఊరికే అన్నావనీ, పిలిచినదానికి రానని తిన్నగా అనవనీ అనుకున్నాను. వదిన నీ కోసమని బొబ్బట్లు చేసింది. మధ్యాహ్నం రెండుకు ఇంటికి తీసుకుపోవడానికి ఆమే వచ్చింది. "ఫోన్ చేసి అడగరాదా" అంది. నాకు పంతం వచ్చి చేయలేదు. రానంటే రానని ఒక్క లైను రాస్తే పోయేదానికి, నువ్వు ఎండ గురించి రాశావు. నెల రోజులు నీకు రాయకూడదనుకొని, రాయకుండా ఉండలేక ఇప్పుడు రాస్తున్నాను.

వేళ్ళు పోయినవాళ్ళ గురించి అడిగావు. వాళ్ళ సంగతి వేరు. నేను అన్నది చేతులుండీ వాడనివాళ్ళను. నువ్వు వాదన కోసం అడిగావు కాబట్టి నేనూ వాదన కోసమే చెబుతున్నాను. వేలు పోతే నేనైతే ప్రోగ్రాములు మానేసి జీవాలు మేపుకుంటాను.

ఈ ఏడు ఇక్కడ మామిడి బాగా కాసింది. మా అన్న వరికుంటపాడు దగ్గర చేను కౌలుకు తీసుకున్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారు.

ఇక అసలు సంగతి. జూలై నెలాఖరుకు పాత ఎడిటర్‌కు దారి మూసేస్తారు. ఆ తర్వాత కొత్తది వాడాలి, లేదా మానుకోవాలి. నిన్న ఎడ్విన్ ఫోన్ చేశాడు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తాను. "రేణుకా, మూడు వారాలు నాకివ్వు. రోజూ పొద్దున గంటసేపు నీతో కూచుంటాను. దాని నోరు మూయించే మార్గాలున్నాయి, ఇద్దరం వెతుకుదాం" అన్నాడు. ఆలోచించుకొని చెబుతానన్నాను.

నా మనసు చెప్పమంటే, మానేయాలనే ఉంది. నలభైమూడేళ్ళు వచ్చాక ఒకరి ముందు పసిపిల్లలా తడుముకోవడం నా వల్ల కాదు. కానీ మానేస్తే ఏమవుతానో తెలియదు. ఇంట్లో అడిగితే అన్న నీ ఇష్టం అంటాడు, వదిన ఉండమంటుంది. వాళ్ళిద్దరికీ నా పని ఏమిటో తెలియదు. నాకు చదువు చెప్పింది నువ్వు. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఉండమంటే ఉంటాను, మానేయమంటే మానేస్తాను. జూలై ఇరవై లోపల ఒక్క మాట రాయి. నువ్వేం రాస్తే అది చేస్తానని ఒట్టు.

నీ
రేణుక


ఆత్మకూరు,
జూలై 5

రేణుకకు,

బస్టాండులో నువ్వు నిలబడ్డావని చదివి నాకు అన్నం సయించలేదు. తప్పు నాదే. ఎండకు భయపడ్డాను, కాళ్ళు కూడా బాగాలేవు. కబురు చేయాల్సింది, చేయలేదు. మీ వదినకు చెప్పు, ఆమె బొబ్బట్లు నాకు బాకీ అని.

వేలు పోతే జీవాలు మేపుకుంటానన్నావు. సరే.

బళ్ళు తెరిచారు. అశ్విత మూడో తరగతి పాఠం తప్పు లేకుండా చదువుతోంది. ఇంకో ఇద్దరు కొత్త పిల్లలు చేరారు. ఒకడు జలదంకి నుంచి వచ్చి ఇక్కడ మేనమామ ఇంట్లో ఉంటున్నాడు, ఇంకా బెదురు పోలేదు. ఇక్కడ వాన జాడ లేదు. మీ వైపు పడిందా?

ఉంటాను మరి. ఆరోగ్యం జాగ్రత్త.

నీ అక్క
మస్తానమ్మ


ఉదయగిరి,
ఆగస్టు 11

మస్తానమ్మ గారికి,

మీరు నా ఉత్తరాలు చదవడం లేదు.

ఈసారి అడుగున కాకుండా మొదటే రాశాను. జూలై ఏడున మీ ఉత్తరం చేరింది. నాలుగుసార్లు చదివాను, నా వేలిదే తప్పేమోనని. నా బతుకు మీ చేతిలో పెడితే మీరు నన్ను వాన పడిందా అని అడిగారు. ఇరవయ్యో తారీఖు దాకా మళ్ళీ ఇంకో ఉత్తరం వస్తుందని సిద్ధయ్య కోసం వాకిట్లో కూచున్నాను. ఆయన నన్ను చూసి, "ఈ పొద్దు గూడా లేదమ్మా" అని దూరం నుంచే చెప్పేవాడు. ఇరవై ఒకటిన రాజీనామా పంపాను.

మీ మౌనానికి అర్థం నేనే చెప్పుకున్నాను. మానేయమనడానికి నోరు రాక ఊరుకున్నారనుకున్నాను. లేకపోతే నా గోల వినీ వినీ విసుగొచ్చిందనుకున్నాను. ఏదయినా ఒకటే.

ఇంకో సంగతి కూడా వినండి. రాజీనామా ఒప్పుకున్న వారానికి కంపెనీ నుంచి ఒక ఖాళీ పెట్టె వచ్చింది. కంప్యూటర్, దానితోపాటు బ్రెయిలీ పట్టీ తిరిగి పంపాలట. పట్టీ వాళ్ళదని నాకు గుర్తే లేదు. ఎనిమిదేళ్ళు నా వేళ్ళ కింద ఉండి నాదే అనుకున్నాను. వేలితో చదవడం కోసం ఉద్యోగం వదిలి, వేలితో చదివే దాన్నే పెట్టెలో పెట్టి పంపేశాను. మా వదిన టేపు అంటిస్తుంటే పక్కన నిలబడ్డాను. ఇప్పుడు నా ఫోన్ చదివిపెడితే వింటున్నాను, నేను కోప్పడ్డవాళ్ళందరిలాగే.

ఎడ్విన్ మళ్ళీ ఫోన్ చేశాడు. నా చోటులో వేరే మనిషిని తీసుకున్నారట.

మీకు తీరిక దొరికితే ఒక్క మాట రాయండి. నా ఉత్తరాలు ఎందుకు చదవరు?

రేణుకాదేవి


ఆత్మకూరు,
సెప్టెంబరు 19

నా రేణుకా,

నన్ను గారు అన్నావు. అనొచ్చు. నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను, ఇందులో దాచిపెట్టేది ఏమీ ఉండదు.

నా వేళ్ళు పోయాయి. చేతికి ఉన్నాయి కానీ వాటిలో స్పర్శ పోయింది. షుగర్ వల్ల రెండేళ్ళుగా తిమ్మిరిగా ఉండేది. పోయిన దీపావళి తర్వాత కాగితం మీద వేలు పెడితే నున్నటి గచ్చు మీద పెట్టినట్టే ఉంది. పది వేళ్ళూ మార్చి చూశాను. రాయడానికి ఇబ్బంది లేదు. పలకలో గడి అంచుకు స్టైలస్ తగిలితే చెయ్యి తన అలవాటున పోతుంది. పొడిచింది దిగిందో లేదో తెలియక గట్టిగా పొడుస్తాను. నా కాగితం జల్లెడ కావడానికి కారణం కోపం కాదమ్మా.

నీ ఉత్తరాలు నేను పెదవితో చదివాను. ఎవరూ చెప్పలేదు. ఒకరోజు నీ కాగితం మొహానికి ఆనించుకొని ఏడుస్తుంటే కింది పెదవికి ఒక అక్షరం తగిలింది. అప్పటి నుంచి తలుపు వేసుకొని చదవడం మొదలుపెట్టాను. ఒక లైనుకు చాలాసేపు పడుతుంది. రెండు కాగితాలు అయ్యేసరికి పెదవి మొద్దుబారిపోతుంది, తడికి చుక్కలు మెత్తబడిపోతాయి. మిగతావి రేపు చదవాలని దాచేదాన్ని. రేపటికి పెదవి వాచేది. క్యాలెండరు అంచుకు రెండుసార్లు కోసుకుంది కూడా. పోనీ పై కాగితాల్లో ఉన్నదే కింద కూడా ఉంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకొని జవాబు రాసేదాన్ని. నీ అసలు మాట ఎప్పుడూ అడుగునే ఉంటుందని నాకు తెలిసే అవకాశం లేకపోయింది. ఆ సంగతి రాసింది కూడా అడుగునే.

మా మరదలు ఒకసారి తలుపు సందులో నుంచి చూసింది. "ఈ వయసులో ఎవురొదినా నీకు జాబులు రాసేది, ముద్దులు పెట్టుకుంటా ఉండావు" అన్నది. నేను నవ్వేశాను. నిజం చెప్పడం కంటే అదే తేలికనిపించింది.

నీకెందుకు చెప్పలేదంటావు. వేళ్ళున్నంత కాలం మనం ఎవరికీ తీసిపోమని రాశావు. ఆ మాట నేర్పింది నేనేనన్నావు. దాన్ని నేను చదివింది పెదవితో. ఆ తర్వాత ఎలా చెప్పేది? బ్రెయిలీ వదిలేసినవాళ్ళ మీద కోపమన్నావు. ఒకసారి అడిగి చూశాను, వాదన కోసమని. నువ్వు జీవాలు మేపుకుంటానన్నావు. ఆ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టేశాను. బడిలో కూడా చెప్పలేదు. చుక్కలు తెలియని మనిషిని చుక్కలు నేర్పడానికి ఎవరు ఉంచుకుంటారు?

పోయిన నెల అది కూడా తీరిపోయింది. అశ్విత రాసింది చూపించింది. వేళ్ళతో తడిమి, బాగా రాశావు అన్నాను. ఆ పిల్ల నాకు మాత్రమే వినపడేట్టు, "టీచరమ్మా, కాగితం తలకిందులుగా పట్టుకోనుండావు" అన్నది. ఎవరికీ చెప్పనని కూడా అన్నది. ఎనిమిదేళ్ళ పిల్ల నా కోసం అబద్ధం మోయడం నాకు నచ్చలేదు. ఆ రోజే హెడ్మాస్టర్ దగ్గరకు పోయి నేనే చెప్పి మానుకున్నాను.

నీ ఆగస్టు ఉత్తరం మొదటి లైను చదివాక, పెట్టెలో ఉన్న నీ పాత ఉత్తరాలన్నీ తీశాను. కట్ట తిరగేసి అడుగు కాగితం నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను, రోజుకు కొన్ని లైన్లు. అందుకే ఈ జవాబుకు ఇంత కాలం పట్టింది. కొన్ని చుక్కలు మెత్తబడి పోయాయి, ఉన్నంతవరకు చదివాను. ఇప్పుడు అన్నిటికీ జవాబు చెబుతాను.

ఆదిశేషమ్మ గారు పోయి రెండేళ్ళయింది. నీకు ఫోన్లో చెప్పాలని, ఎదురుగా చెప్పాలని వాయిదా వేసుకుంటూ వచ్చాను.

మేలో రమ్మని నువ్వు పిలిచింది, బస్టాండులో నిలబడ్డానని నువ్వు రాసేదాకా నాకు తెలియనే తెలియదు, ఎండకు భయపడ్డానన్నది అబద్ధం. తెలిసి ఉంటే కాళ్ళు ఎలా ఉన్నా వచ్చేదాన్ని, పీట తెచ్చేదాన్ని.

సిద్ధయ్యను క్షమాపణ అడుగు. ముద్ర గట్టిగా పడలేదు. ఆ అబద్ధం నాది.

జూన్ ఉత్తరం ఆఖరి కాగితం మొన్న మంగళవారం చదివాను. ఉండు రేణుకా. ఉద్యోగం మానొద్దు. ఎడ్విన్ కూచుంటానన్నాడు కదా, కూచోనీ. మూడు వారాలు తిట్టుకుంటూ అయినా నేర్చుకో. నీ పాత పలక మంచిదే, కొత్తదాని మీద నీ అనుమానాలు కూడా నిజమే అయి ఉంటాయి, అయినా ఉండు. నేను ఫోన్‌తో పుస్తకాలు వినడం మొదలుపెట్టాను. మొదటి పదిరోజులు ఏడ్చాను. వేలితో చదివినంత సుఖం లేదు, అది నువ్వన్నట్టే. కానీ చదువుతున్నట్టే ఉంది.

ఇది జూలై ఇరవై లోపల రాయాల్సిన జవాబు. ఇప్పుడు దీనితో పని లేదని తెలుసు. నువ్వు ఒట్టు పెట్టి అడిగిన మాట జవాబు లేకుండా పోకూడదని రాస్తున్నాను.

పెదవి మీద పుండు మానడం లేదు. ఇక కాగితం తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నువ్వు రాయకుండా ఉండవని నాకు తెలుసు. రాస్తే ఒక్క ఉత్తరం, పొట్టిగా రాయి. అది చదివి ఆపేస్తాను.

నీ అక్క
మస్తానమ్మ


ఉదయగిరి,
సెప్టెంబరు 24

అక్కా,

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను. ఇంట్లో అందరూ విన్నా సరే, గొంతెత్తి మాట్లాడుకుందాం. పీట కిందికి దించి పెట్టు.

ఉన్నది ఈ ఒక్క కాగితమే. కింద ఇంకేమీ లేదు, వెతకొద్దు.

రేణుక